యార్డులో ఒక పెద్ద ఇంజనా, మూడు చిన్న ఇంజన్లా?

2020 మార్చి 26న రేణిగుంట నుంచి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కు దూధ్ దురంతో పేరిట పాల రైలు నడవడం మొదలైనప్పుడు, చిత్తూరు సీమ పాలు దేశ రాజధానికి చేరుతున్నాయన్న విషయం చాలామందికి తెలిసింది. ఒక్కో ట్యాంకరు 40 వేల లీటర్లు పడుతుంది. దారి 2,300 కిలోమీటర్లు. వార్తలకెక్కింది ఆ దారి, ఆ వేగం. అయితే ఏ రైలైనా బయలుదేరే ముందు దాని పెట్టెలను ఒక్కో లైను నుంచి లాగి, వరుసలో పెట్టి, బ్రేకు గొట్టాలు కలిపి, రేకుగా, అంటే ఒకే వరుస బండిగా, కూర్చాలి. ఆ పనే షంటింగ్. ప్రయాణికుడి కంటపడని ఈ పనిలో డీజిల్ ఎంత వృథా అవుతుందో, ఎంత పొగ పుడుతుందో లెక్క వేసినప్పుడే ఒక పెద్ద ఇంజను స్థానంలో రెండో మూడో చిన్న ఇంజన్లు పెట్టాలన్న ఆలోచన ఎందుకు వచ్చిందో తెలుస్తుంది.

యార్డులో ఒక పావుగంట గమనిస్తే చాలు. ఇంజను వచ్చి పెట్టెకు పది మీటర్ల ఎడంలో ఆగుతుంది. పట్టాల మధ్య నిలబడి పెట్టెలు కలిపే, విడదీసే ఉద్యోగి అయిన పాయింట్స్‌మన్ చెయ్యి ఊపి రమ్మంటాడు. లోకో పైలట్ ఒకటో నాచ్ (ఇంజను శక్తిని పెంచే ఎనిమిది మెట్లలో మొదటిది) వేసి, బండి కదలగానే తీసేస్తాడు. మనిషి నడక కన్నా నిదానంగా వచ్చి కప్లర్లు, అంటే పెట్టెలను కలిపే కొక్కేలు, టక్కున కలుస్తాయి. పాయింట్స్‌మన్ రెండు పెట్టెల మధ్యకు వంగి గొట్టాలు తగిలిస్తాడు, కాక్ తిప్పుతాడు, గాలి సర్రున నిండుతుంది. తర్వాత రెండు మూడు నాచ్‌ల మీద రేకును లాగి పక్క లైనులో పెడతారు. అంతటితో ఆ విడత పని అయిపోతుంది. మెయిన్ లైను మీద ఏదో ఎక్స్‌ప్రెస్ వస్తోందని సిగ్నల్ ఇవ్వరు. పది నిమిషాలు గడుస్తాయి, అరగంట గడుస్తుంది. అంతసేపూ ఇంజను మాత్రం గుడగుడమంటూ నడుస్తూనే ఉంటుంది.

ఈ దృశ్యానికి అంకెల రూపం అమెరికా పర్యావరణ సంస్థ దగ్గర ఉంది. షంటింగ్ ఇంజన్ల ఉద్గారాలను కొలిచేందుకు ఆ సంస్థ నిర్ణయించిన ప్రామాణిక పనితీరు ప్రకారం, ఇంజను నడిచే మొత్తం కాలంలో 59.8 శాతం ఐడ్లింగ్, అంటే ఊరికే నడవడం. ఒకటో నాచ్‌లో 12.4 శాతం, రెండో నాచ్‌లో 12.3 శాతం. పూర్తి శక్తినిచ్చే ఎనిమిదో నాచ్ వాటా 0.8 శాతం మాత్రమే. మెయిన్ లైను ఇంజన్లకు అదే సంస్థ వేసిన లెక్కలో ఎనిమిదో నాచ్ వాటా 16.2 శాతం. రెండూ డీజిల్ లోకోమోటివ్‌లే అయినా, వాటి బతుకులు వేరు. ఈ అంకెలు అమెరికా యార్డులవి కాబట్టి రేణిగుంటకు అచ్చంగా అతకవు. కానీ వంద నిమిషాల్లో ఒక్క నిమిషం కూడా పూర్తి శక్తి అక్కరలేని పనికి వేల హార్స్ పవర్ ఇంజనును కట్టేయడం ఎక్కడైనా ఒకటే.

ఊరికే ఉన్నప్పుడు ఇంజను ఆపేయవచ్చు కదా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. పాత ఇంజన్లలో అది అంత తేలిక కాదు. మన దేశంలో దశాబ్దాల పాటు రైళ్లను నడిపిన, ఆల్కో అనే అమెరికా కంపెనీ నమూనా తరం ఇంజన్లలో బ్రేకులకు గాలి ఎక్కించే కంప్రెసర్ ప్రధాన ఇంజనుతో షాఫ్టు ద్వారా ముడిపడి ఉంటుంది. ఇంజను ఆగితే కంప్రెసర్ ఆగుతుంది, రిజర్వాయరులో గాలి మెల్లమెల్లగా పడిపోతుంది. బ్యాటరీలను ఛార్జ్ చేసే జనరేటరుదీ అదే తీరు. పాతబడిన బ్యాటరీలతో అంత పెద్ద ఇంజనును మళ్లీ తిప్పగలమో లేదో అన్న భయం ఒకవైపు, వెయ్యి లీటర్ల మేర ఉండే శీతలీకరణ నీరు, వందల లీటర్ల కందెన నూనె చల్లబడితే మళ్లీ వేడెక్కడానికి పట్టే సమయం ఇంకోవైపు. యార్డు మధ్యలో ఇంజను మొరాయిస్తే నాలుగు లైన్లు మూతపడతాయి, ఆ జవాబు చెప్పుకోవాల్సింది లోకో పైలట్. అందువల్ల ఆపకపోవడమే అతనికి క్షేమం. దీన్ని నిర్లక్ష్యమనడం అన్యాయం. యంత్రమే అతనికి ఆ అలవాటు నేర్పింది.

ఆ అలవాటు ఖరీదు చిన్నదేమీ కాదు. లోకోమోటివ్‌లకు సహాయక విద్యుత్ యూనిట్, అంటే ఒక చిన్న అదనపు ఇంజను, అమర్చే పథకం గురించి చెప్పినప్పుడు రైల్వే శాఖ ఇచ్చిన లెక్క ప్రకారం, ప్రధాన ఇంజను ఊరికే నడిచినప్పుడు గంటకు 25 లీటర్ల డీజిల్ తాగుతుంది, చిన్న యూనిట్‌కు 3 లీటర్లు చాలు. రోజుకు 20 గంటలు విధిలో ఉండే షంటింగ్ ఇంజను అందులో 12 గంటలు ఊరికే ఉందనుకుంటే 300 లీటర్లు అలా ఆవిరైపోతాయి. చిన్న యూనిట్ ఉంటే 36 లీటర్లు. మిగిలేది 264 లీటర్లు. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, ఒక్క ఇంజను ఒక్క రోజులో 700 కిలోలు తగ్గించగలదన్నమాట.

ఇంధనం కన్నా పొగ కథ ఇంకా జటిలం. పెద్ద సిలిండరు తక్కువ లోడు మీద చల్లగా ఉంటుంది. డీజిల్ పూర్తిగా మండదు, పిస్టన్ రింగుల పక్కనుంచి నూనె పైకి చేరుతుంది, రెండూ కలిసి పొగగొట్టంలో పేరుకుంటాయి. అరగంట ఊరికే నిలిచిన ఇంజనుకు ఒక్కసారిగా నాలుగో నాచ్ వేసినప్పుడు గొట్టంలోంచి ఎగిసే నల్లటి మేఘంలో ఎక్కువ భాగం ఆ అరగంట బాకీయే. మెయిన్ లైను ఇంజను పొగను ఊళ్ల మీదుగా చల్లుకుంటూ పోతుంది. యార్డు ఇంజను అదే చోట, అదే మనుషుల నెత్తి మీద రోజంతా వదులుతుంది. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. ఇంజను పక్కనే నిలబడి గొట్టాలు కలిపే పాయింట్స్‌మన్‌కు ఆ వాక్యం మిగతావారికన్నా దగ్గరగా వర్తిస్తుంది.

బహుళ ఇంజన్ల లోకోమోటివ్, వాడుకలో జెన్‌సెట్ లోకో, ఈ సమస్యకు ఒక సూటి జవాబు. ఒక భారీ ఇంజనుకు బదులు రెండు లేక మూడు చిన్న డీజిల్ ఇంజన్లను, ఒక్కోదానికి ఒక జనరేటరును జతచేసి, ఒకే చట్రం మీద పెడతారు. ఏ సమయంలో ఎన్ని నడవాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. తక్కువ నాచ్‌లలో ఒక్కటే నడుస్తుంది. లోడు పెరిగితే రెండోది, ఆపై మూడోది అందుకుంటాయి. పని లేనప్పుడు ఉన్న ఒక్కటీ కొద్ది నిమిషాల తర్వాత ఆగిపోతుంది. కంప్రెసరు కరెంటు మోటారుతో తిరుగుతుంది కాబట్టి ఏ ఇంజను నడిచినా గాలి అందుతుంది. ఎప్పుడూ ఒకే ఇంజను అరిగిపోకుండా వంతులవారీగా ముందు ఏది మొదలవ్వాలో కూడా కంప్యూటరే మారుస్తుంది.

ఈ చిన్న ఇంజన్లు ఎంత చిన్నవో ఒక పోలికతో తెలుస్తుంది. పదహారు సిలిండర్ల ఆల్కో 251 ఇంజనులో ఒక్కో సిలిండరు పరిమాణం దాదాపు 11 లీటర్లు, మొత్తం 175 లీటర్లు. జెన్‌సెట్ లోకోల్లో ఎక్కువగా వాడిన కమ్మిన్స్ క్యూఎస్‌కె19లో ఆరు సిలిండర్లూ కలిపితే 19 లీటర్లు. ఆల్కో ఊరికే ఉన్నప్పుడు నిమిషానికి 400 చుట్లు, పూర్తి శక్తికి 1,000 చుట్లు తిరిగితే, ఇది 1,800 చుట్లు తిరుగుతుంది. గనుల్లో, పెద్ద జనరేటర్లలో తిరిగే జాతి ఇది. విడిభాగాలు దొరుకుతాయి, మెకానిక్ దొరుకుతాడు. పైగా కాలుష్య నియమాల ఒత్తిడి ముందుగా పడింది ఈ తరగతి ఇంజన్ల మీదే. మన దేశంలో 800 కిలోవాట్ల వరకు ఉన్న డీజిల్ జనరేటర్లకు 2023 జూలై 1 నుంచి నాలుగో దశ కఠిన ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. 700 హార్స్ పవర్ అంటే సుమారు 520 కిలోవాట్లు. అంటే యార్డు ఇంజనుకు సరిపోయే శుభ్రమైన ఇంజను మార్కెట్లో ఇప్పటికే ఉంది, దానికోసం కొత్తగా ఏదీ కనిపెట్టనక్కరలేదు.

అంత చిన్న ఇంజను భారీ రేకును లాగుతుందా అన్న సందేహం మాత్రం సహజమే, దానికి జవాబు కొంచెం లెక్కతో చెప్పాలి. బండిని కదిలించేది బలం. ఆ బలానికి హద్దు పట్టాకూ చక్రానికీ మధ్య పట్టు, ఆ పట్టు మొత్తం లోకో బరువు మీద ఆధారపడుతుంది. 120 టన్నుల లోకో, బరువులో 30 శాతం పట్టు దొరికితే, 36 టన్నుల లాగుడు ఇవ్వగలదు. చదునైన పట్టా మీద నిలిచిన వ్యాగన్లను కదిలించడానికి టన్నుకు 4 నుంచి 5 కిలోల లాగుడు కావాలనుకుంటే, 5 వేల టన్నుల బొగ్గు రేకుకు 20 నుంచి 25 టన్నులు చాలు. ఇక శక్తి అంటే ఆ బలాన్ని ఎంత వేగంతో ఇస్తున్నామన్నది. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో ఆ 36 టన్నులు పూర్తిగా లాగాలన్నా చక్రాల దగ్గర కావలసింది సుమారు 490 కిలోవాట్లు, అంటే 660 హార్స్ పవర్. జనరేటరులో, చక్రాలను తిప్పే కరెంటు మోటార్లలో పోయే నష్టం కలుపుకుంటే అది ఒక చిన్న ఇంజను శక్తికి కాస్త ఎక్కువ, రెండింటి శక్తికి చాలా తక్కువ. మూడోది అవసరమయ్యేది రేకును గంటకు పదిహేను ఇరవై కిలోమీటర్ల వేగంతో నడిపేటప్పుడే. యార్డులో బరువు ముఖ్యం, హార్స్ పవర్ తర్వాతి మాట. ఈ కారణంగానే పాత లోకో చట్రంలోంచి భారీ ఇంజనును తీసేసి చిన్నవి పెట్టినప్పుడు, తగ్గిన బరువును పూడ్చడానికి ఇనుప దిమ్మెలు వేస్తారు. కాలుష్యం తగ్గించడానికి చేసిన బండికి పనిగట్టుకుని బరువు పెంచడం వింతగానే ఉంటుంది గానీ, అది లేకపోతే చక్రాలు జారుతాయి.

అమెరికాలో ఈ ఆలోచనకు 2005 ప్రాంతంలో ఊపు వచ్చింది. నేషనల్ రైల్వే ఎక్విప్‌మెంట్ కంపెనీ తయారుచేసిన తొలి నమూనాను యూనియన్ పసిఫిక్ రైల్వే పరీక్షించి, ఆ తర్వాత లాస్ ఏంజెలెస్ ప్రాంతపు యార్డుల కోసం పదుల సంఖ్యలో కొనుక్కుంది. 700 హార్స్ పవర్ ఇంజన్లు మూడు పెట్టిన 2,100 హార్స్ పవర్ నమూనా వాటిలో బాగా చలామణి అయింది. అక్కడి నియమాల ప్రకారం పాత తరం షంటింగ్ ఇంజను, ఒక హార్స్ పవర్‌తో గంటసేపు చేసే పనికి, 14 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదలవచ్చు. 2015 నుంచి తయారయ్యే కొత్తవాటికి ఆ హద్దు 1.3 గ్రాములు. మధ్యలో ఉన్న ఆ భారీ అంతరాన్ని తక్కువ ఖర్చుతో దాటడానికి జెన్‌సెట్ ఒక మెట్టుగా కనిపించింది. కాలిఫోర్నియా, టెక్సాస్ ప్రభుత్వాలు కొనుగోలు ఖర్చులో మంచి వాటా భరించాయి.

పదేళ్లు గడిచేసరికి ఆ ఉత్సాహం చల్లారింది. కొన్న బండ్లలో చాలా భాగం పక్కన పెట్టేశారు. కారణాలు తెలుసుకోదగినవి. ఒక ఇంజను స్థానంలో మూడు వస్తే రేడియేటర్లు మూడు, స్టార్టర్లు మూడు, వడపోతలు మూడు సెట్లు. చెడిపోయే చోట్లూ అన్ని రెట్లు. గనుల్లో తిరిగే ఇంజను కుదుపుకు అలవాటు పడినదే అయినా, వ్యాగన్లు ఢీకొన్నప్పుడు నిలువునా తగిలే దెబ్బ వేరు. నాచ్ వేయగానే శక్తి అందాలని చూసే సిబ్బందికి, నిద్రపోతున్న రెండో ఇంజను లేచేదాకా ఆగాల్సిరావడం చిరాకు పుట్టించింది. ప్రభుత్వ సాయంతో కొన్న బండికి ఆ సాయం తర్వాతి మరమ్మతులకు ఉండదన్నది మరో సంగతి. మూడింటిలో ఒకటి పాడైనా మిగతా రెండింటితో పని నడుస్తుందని అమ్మకందారులు చెప్పిన మాట నిజమే. అయితే నడుస్తుంది కదా అని పాడైన ఒకదాన్ని నెలల తరబడి బాగుచేయకుండా వదిలేయడానికీ ఆ మాటే దారి చేసింది.

మన రైల్వే కూడా ఈ దారిని తాకి చూసింది. పటియాలాలోని డీజిల్ లోకో ఆధునికీకరణ కర్మాగారం 2010ల దశకంలో 800 హార్స్ పవర్ ఇంజన్లు మూడు పెట్టి 2,400 హార్స్ పవర్‌తో డబ్ల్యూడీఎం2జీ అనే లోకోను తయారుచేసింది. అది మెయిన్ లైను పనినీ దృష్టిలో పెట్టుకున్న బండి. ఆ తర్వాత ఆ వరుస పెద్దగా సాగలేదు, ఎందుకంటే అప్పటికే దేశమంతా కరెంటు తీగ వేగంగా పరుచుకుంటోంది. ఈ విద్యుదీకరణ యార్డుల్లో ఊహించని పరిణామం తెచ్చింది. మెయిన్ లైనులో పని పోయిన 3,100 హార్స్ పవర్ డబ్ల్యూడీఎం3ఏ, డబ్ల్యూడీజీ3ఏ ఇంజన్లు యార్డు పనికి దిగాయి. షంటింగ్ కోసమే పుట్టిన డబ్ల్యూడీఎస్6లో ఆరు సిలిండర్లు, సుమారు 1,400 హార్స్ పవర్ ఉండేవి. దాని స్థానంలో పదహారు సిలిండర్ల బండి వచ్చి గంటల తరబడి ఊరికే నిలబడుతోంది. ఏనుగును తెచ్చి చేంతాడుకు కట్టినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. ఉన్న ఆస్తిని వాడుకోవడంలో తప్పు లేదు. ఆ వాడకం ఇంధన ఖర్చు ఎవరి పద్దులో పడుతోందన్నది అడగవలసిన ప్రశ్న.

తిరుపతి చుట్టుపక్కల పరిస్థితి ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ. రేణిగుంట నాలుగు వైపుల లైన్లు కలిసే జంక్షన్. తిరుపతి స్టేషనుకు వచ్చే రైళ్లకు పిట్ లైన్లలో, అంటే పెట్టెల అడుగు చూడటానికి కింద గొయ్యి ఉన్న లైన్లలో, శుభ్రత, తనిఖీ జరగాలి. సెట్టిపల్లెలోని క్యారేజ్ రిపేర్ షాపుకు పెట్టెలు మరమ్మతుకు వచ్చి పోతుంటాయి. మెయిన్ లైన్ల మీద కరెంటు ఇంజన్లే తిరుగుతున్నా, క్రేన్లు, జేసీబీలు పైనుంచి సరకు దించే గూడ్స్ షెడ్ లైన్ల మీద 25 వేల వోల్టుల తీగ వేలాడదీయడం ప్రమాదం. వర్క్‌షాపు లోపలా అంతే. తీగ ఆగిపోయిన చోట డీజిల్ పని మొదలవుతుంది. అలాంటి లైన్లు మొత్తం పొడవులో కొద్ది శాతమే కావచ్చు, కానీ మనుషులు దగ్గరగా పనిచేసేది వాటి మీదే.

ఇటువైపు చిత్తూరు నగరం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో చేరిన రాష్ట్రంలోని 13 నగరాల్లో ఒకటి. గూడూరు–కాట్పాడి లైను మీదున్న ఆ నగరంలో దుమ్ము, వాహనాల పొగ ముందున్న సమస్యలు, రైలు పొగ వాటా స్వల్పం. తిరుపతి ఆ జాబితాలో లేదు. అందువల్ల నగర గాలి నాణ్యత పేరు చెప్పి జెన్‌సెట్ లోకో అడగడం బలహీనమైన వాదన. యార్డు గేటు లోపల పనిచేసేవారి ఊపిరి, ఊరికే కాలిపోయే డీజిల్, ఈ రెండూ బలమైన వాదనలు.

మరి ఇక్కడికి సరిపడేది ఏది? బ్యాటరీతో నడిచే షంటింగ్ ఇంజన్లు ఇప్పటికే పోటీకి వచ్చాయి. జబల్‌పూర్‌లో 2020లో రూపొందిన నవదూత్ తీగ కిందున్నప్పుడు తీగ నుంచి, లేనప్పుడు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుంటుంది. జపాన్ సరకు రైల్వే 2010లోనే చిన్న డీజిల్ ఇంజనును లిథియం బ్యాటరీతో జోడించి హెచ్‌డీ300 అనే యార్డు లోకోను తెచ్చింది. ఇరవై నాలుగు పెట్టెల ప్రయాణికుల రేకును పిట్ లైనులోంచి ప్లాట్‌ఫారానికి తెచ్చే పని, రోజుకు నాలుగైదు సార్లు, మధ్యలో విరామాలతో ఉంటే బ్యాటరీకి అది చక్కగా ఒదుగుతుంది. తీగ పక్కనే ఉంది, ఛార్జింగ్‌కు దిగులు లేదు. తిరుపతి స్టేషను వంటి చోట మూడు ఇంజన్ల డీజిల్ బండి కన్నా ఇదే మేలు. నిండు సరకు రేకులను గంటల తరబడి విడగొట్టి కలిపే చోట, సైడింగ్ (మెయిన్ లైను నుంచి చీలిన పక్క లైను) పొడవుగా ఉన్న చోట, రేవుల్లో, ఉక్కు కర్మాగారాల్లో, బ్యాటరీ మధ్యలో అలసిపోతుంది; రెండు ఇంజన్ల డీజిల్ లోకోకు అసలైన చోటు అక్కడ. మూడు కన్నా రెండు అనడానికి కారణం పైన వేసిన లెక్కే. నడక వేగంతో లాగడానికి మూడోదానితో పని లేదు, అది అదనపు రేడియేటరు, అదనపు తలనొప్పి.

వాతావరణమూ తన మాట చెబుతుంది. తిరుపతిలో వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. ఒకే హుడ్ (పైమూత) కింద ఇరుకుగా కూర్చున్న రెండు మూడు ఇంజన్లలో ఒకటి నడుస్తుంటే ఆ వేడి గాలి పక్కదాని రేడియేటరులోకి చేరుతుంది. సిమెంటు, ఎరువుల ధూళి వడపోతలను మూసేస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే వ్యవస్థకు యూరియా ద్రావణం ఎప్పటికప్పుడు పోయాలి, అది కల్తీ అయితే ఉత్ప్రేరకం పాడవుతుంది. తక్కువ లోడు మీద పొగ చల్లగా ఉంటే ఆ ఉత్ప్రేరకం అసలు పనిచేయదు. ఒకే చిన్న ఇంజనును బాగా వేడెక్కేంత లోడు మీద నడపడం ఇక్కడ కలిసొచ్చే గుణం. ఈ పనులన్నీ చేయాల్సింది గుత్తి డీజిల్ షెడ్ లాంటి చోట, ఆల్కో ఇంజనును కళ్లు మూసుకుని విప్పి బిగించగల చేతులు. ఆ చేతులకు ఇప్పుడు ల్యాప్‌టాప్ ఇవ్వాలి. చిన్న ఇంజనును అక్కడికక్కడ బాగుచేయడం కన్నా జనరేటరుతో సహా మొత్తంగా ఎత్తి, సిద్ధంగా ఉన్న ఇంకోదాన్ని దించడం నయం. కొన్ని గంటల పని అది. అయితే ఆ ఇంకోది షెడ్‌లో నిజంగా సిద్ధంగా ఉండాలి. అమెరికాలో తప్పిన మెట్టు ఇదే.

కొత్త బండి కొనకముందే చేయదగిన పని ఒకటుంది. ఇప్పుడు యార్డుల్లో తిరుగుతున్న డీజిల్ లోకోల్లో మైక్రోప్రాసెసర్ నియంత్రణ ఉన్నవి ఏ నాచ్‌లో ఎన్ని గంటలు గడిపిందీ నమోదు చేసుకుంటాయి. షెడ్యూలు మరమ్మతుకు షెడ్‌కు వచ్చినప్పుడు ఆ వివరాలను దించి, రేణిగుంటలో, తిరుపతిలో, సెట్టిపల్లెలో వేరువేరుగా నెలవారీ లెక్క కడితే ఏ యార్డులో ఐడ్లింగ్ ఎంతో తేలుతుంది. ఐడ్లింగ్ 60 శాతం దాటి, నాలుగో నాచ్ పైన పని దాదాపు లేని చోట సహాయక యూనిట్‌తో లేదా బ్యాటరీ లోకోతో సరిపోతుంది. ఐడ్లింగ్ ఎక్కువగా ఉంటూనే మధ్య మధ్య ఐదో ఆరో నాచ్ గంటలు గట్టిగా కనిపించే చోట పాత చట్రం మీద రెండు చిన్న ఇంజన్ల అంచనా వేయించాలి. ఆ లెక్క తీయడానికి టెండరు అక్కరలేదు, ఒక కేబులు, ఒక కాగితం చాలు.